అద్దంతో పట్టి తెచ్చుకున్న ఎండ

నార్వే దక్షిణ భాగంలో, టెలెమార్క్ ప్రాంతంలో, తూర్పు పడమరలుగా సాగిన ఇరుకు లోయ ఒకటుంది. దాని అడుగున ర్యూకన్ అనే చిన్న ఊరు. జనాభా మూడు వేల పైచిలుకు. దక్షిణం వైపు కొండలు, వాటి మీదుగా 1883 మీటర్ల ఎత్తున గౌస్టాటోపెన్ శిఖరం. ఏటా సెప్టెంబరు చివర్లో ఈ ఊరి నుంచి ఎండ తప్పుకుంటుంది. మళ్లీ మార్చి రెండో వారం దాకా కనిపించదు. పగలు వెలుతురు ఉంటుంది. మబ్బు లేని రోజున ఆకాశం నీలంగానే ఉంటుంది. ఎదుటి కొండ కొమ్మున బంగారంలా ఎండ కాస్తూ ఉంటుంది. ఊళ్లోకి మాత్రం దిగదు. దాదాపు ఆరు నెలల పాటు అక్కడి జనం ఎండను దూరం నుంచి చూడాల్సిందే.

దీనికి కారణం లెక్క కట్టి చెప్పవచ్చు. ర్యూకన్ ఉన్నది 60 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర. డిసెంబరు నెలాఖరులో మిట్టమధ్యాహ్నం కూడా అక్కడ సూర్యుడు దిగంతం మీద ఏడు డిగ్రీలకు మించి లేవడు. అదే రోజు, అదే వేళ హైదరాబాదులో 49 డిగ్రీల ఎత్తున ఉంటాడు. ఏడు డిగ్రీల ఎత్తులో ఉన్న సూర్యుణ్ణి కమ్మేయడానికి మామూలు గుట్ట చాలు. ర్యూకన్‌కు అడ్డం నిలిచినవి మహాపర్వతాలు.

పొద్దు కురచబారడం తెలుగువాళ్లకు తెలియనిది కాదు. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు అని పల్లెల్లో నేటికీ అంటారు. అయితే హైదరాబాదులో చలికాలపు పగటికీ వేసవి పగటికీ తేడా రెండు గంటలు. ఆ కాస్త తేడాకే సామెతలు పుట్టాయి. ర్యూకన్‌కు దగ్గరలోని ఓస్లో నగరంలో జూన్ పగలు 19 గంటలకు చేరువవుతుంది, డిసెంబరు పగలు ఆరు గంటలైనా ఉండదు. ఆ ఆరు గంటల్లోనూ ఎండ మొహం చూడని ఊళ్లో మనిషి మనసు ఎలా ఉంటుంది? ఆ ఊరు తన మనసును ఎలా కాపాడుకుంది? ర్యూకన్ నూరేళ్ల చరిత్రలో ఈ ప్రశ్నలకు జవాబు దొరుకుతుంది. చీకటి తెచ్చే దిగులును అక్కడివాళ్లు ఎవరికి వాళ్లు ఇంట్లో భరించాల్సిన బాధగా వదిలేయలేదు. మంచినీళ్లు, రోడ్లు, కరెంటు లాగానే ఎండనూ ఊరుమ్మడి అవసరంగా చూశారు. ఆ అవసరం తీర్చడానికి రెండుసార్లు పెద్ద యంత్రాలే కట్టారు.

అసలు ఎండ పడని చోట ఊరెందుకు వెలిసింది? జలపాతం కోసం. లోయ ఎగువన ర్యూకన్‌ఫోసెన్ 104 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో సామ్ ఐడె అనే ఇంజనీరు ఆ నీటి మీద హక్కులు కొన్నాడు. 1903లో అతనికి క్రిస్టియన్ బిర్కెలాన్ అనే భౌతికశాస్త్రవేత్త పరిచయమయ్యాడు. ధ్రువకాంతుల రహస్యం వెతికిన మనిషి బిర్కెలాన్. ప్రచండమైన విద్యుత్ జ్వాలలోకి గాలిని పంపి, అందులోని నత్రజనిని పట్టి ఎరువుగా మార్చే పద్ధతిని ఇద్దరూ కలిసి రూపొందించారు. 1905 డిసెంబరు 2న నోర్స్క్ హైడ్రో కంపెనీ పుట్టింది. ఆ పద్ధతికి అపారమైన విద్యుత్తు కావాలి. 1911లో జలపాతం పక్కనే వేమోర్క్ విద్యుత్కేంద్రం మొదలైంది. ఆనాటికి ప్రపంచంలో అంతకన్నా పెద్దది లేదు.

విద్యుత్తును ఎక్కువ దూరం మోసుకుపోవడం అప్పట్లో కష్టం. కాబట్టి ఫ్యాక్టరీ జలపాతం దగ్గరికే వచ్చింది, ఫ్యాక్టరీ వెంట మనుషులు వచ్చారు. అంతకుముందు కొద్దిపాటి రైతు కుటుంబాలు బతికిన లోయలోకి పదేళ్లలో వేలమంది చేరారు. వాళ్ల కోసం కంపెనీ ఇళ్లు కట్టింది, బడి పెట్టింది, ఆసుపత్రి పెట్టింది, వీధులు వేసింది. ఐరోపాలో చాలా చోట్ల పనివాళ్లు దీపపు వెలుగులో గడుపుతున్న కాలంలో ర్యూకన్ కార్మికుల ఇళ్లలో కరెంటు బల్బులు వెలిగాయి. కంపెనీ ఇవ్వలేకపోయింది ఎండ ఒక్కటే.

ఆ లోటును 1913లో ఒక గుమస్తా బహిరంగంగా ఎత్తిచూపాడు. ఫ్యాక్టరీలో లెక్కలు రాసే ఓస్కర్ కిట్టిల్సెన్ ఆ ఏడాది అక్టోబరులో స్థానిక పత్రికకు ఒక ఉత్తరం రాశాడు. కొండ మీద పడే ఎండను ఒక యంత్రంతో పోగుచేసి, సర్చిలైటు వేసినట్టుగా ఊరి మీదికి మళ్లించవచ్చునని ప్రతిపాదించాడు. ఎండ పోయి అప్పటికి నెలరోజులైంది, ముందు ఇంకా నాలుగున్నర నెలలున్నాయి. ఆ ఉత్తరంలో గమనించాల్సిన విషయం ఒకటుంది. జనం నీరసపడుతున్నారని, ధైర్యం చాలడం లేదని కిట్టిల్సెన్ ఎవరినీ నిందించలేదు. లోపం మనుషుల్లో ఉందనుకోలేదు. ఊరికి ఎండ లేదు, తెచ్చుకుందాం అన్నాడు. చలికాలపు కుంగుబాటుకు వైద్యులు పేరు పెట్టడానికి డెబ్భై ఏళ్ల ముందు మాట ఇది.

ఐడెకు ఆ ఆలోచన నచ్చింది. కానీ సూర్యుడి వెంట క్షణక్షణం తిరుగుతూ, గాలివానకు తట్టుకునే అద్దాన్ని నిలబెట్టే సాధనాలు అప్పుడు లేవు. 1917లో ఐడె కంపెనీ నుంచి తప్పుకున్నాడు. ఎండను ఊళ్లోకి దించడం కుదరనప్పుడు మిగిలిన దారి, ఊరినే ఎండలోకి ఎక్కించడం.

1928లో కంపెనీ సరిగ్గా ఆ పనే చేసింది. జర్మనీకి చెందిన బ్లైకెర్ట్ సంస్థ చేత లోయ అడుగు నుంచి గ్వెప్సెబోర్గ్ కొండ మీదికి రోప్‌వే వేయించింది. దాని పేరు క్రోసోబానెన్. ఉత్తర ఐరోపాలో ప్రజలు ఎక్కడానికి కట్టిన మొదటి రోప్‌వే ఇదే. రెండు పెట్టెలు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. అక్కడి అడవుల్లో కాసే రెండు రకాల చిన్న పళ్ల పేర్లే వాటికి పెట్టారు. కొద్ది నిమిషాల్లో అవి మనిషిని 886 మీటర్ల ఎత్తుకు చేరుస్తాయి. పైన ఎండ. చలికాలంలో ఫ్యాక్టరీ పనివాళ్లు, వాళ్ల పెళ్లాం పిల్లలు సూర్యుణ్ణి చూడ్డానికి వెళ్లాలన్నదే దాని ఉద్దేశం. కంపెనీ దాన్ని ఊరికి కానుకగా ఇచ్చింది. అది నేటికీ నడుస్తోంది.

ర్యూకన్ వాళ్లు అనుభవంతో తెలుసుకున్నదాన్ని వైద్యశాస్త్రం వేరే దారుల్లో, ముక్కలు ముక్కలుగా కనుక్కుంటూ వచ్చింది. 1898లో బెల్జికా అనే ఓడ అంటార్కిటికా సముద్రపు మంచులో ఇరుక్కుపోయింది. మే నెల మధ్యలో అస్తమించిన సూర్యుడు జులై చివరి దాకా రాలేదు. ఓడలోని వాళ్లకు తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, ఒకరితో ఒకరు మాటలు తగ్గించారు. కొందరికి మతి చెదిరింది. ఓడ వైద్యుడు ఫ్రెడరిక్ కుక్ వాళ్లను రోజూ బట్టలు విప్పించి, మండుతున్న పొయ్యి ఎదుట గంటసేపు నిలబెట్టాడు. పెంగ్విన్, సీల్ జంతువుల తాజా మాంసం తినమన్నాడు. ఓడ చుట్టూ మంచు మీద నడిపించాడు. ఆ జబ్బులో తాజా తిండి లేక వచ్చే స్కర్వీ పాలు ఎంతో, చీకటి పాలు ఎంతో విడదీసే వీలు అప్పట్లో లేదు. అయినా వెలుగు, వేడి, తాజా తిండి, నడక అనే నాలుగింటినీ కలిపి ఒక క్రమంగా వాడిన తొలి వైద్యుల్లో కుక్ ఒకడు. ఆ ఓడలో మొదటి మేట్‌గా ఉన్న యువకుడు రోఆల్ అముండ్సెన్, తర్వాత దక్షిణ ధ్రువం చేరిన మొదటి మనిషి.

అదే కాలంలో కోపెన్‌హాగెన్‌లో నీల్స్ ఫిన్సెన్ వెలుతురును మందుగా వాడాడు. ఆయన పుట్టింది ఎండ అరుదైన ఫారో దీవుల్లో. చర్మానికి సోకే క్షయను కార్బన్ ఆర్క్ దీపాల వెలుగుతో నయం చేసి 1903లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. ఆయన చికిత్స చర్మానికే గాని మనసుకు కాదు. కానీ కాంతి శరీరాన్ని మార్చగలదన్న నమ్మకానికి శాస్త్ర గౌరవం తెచ్చింది ఆయనే.

మనసు సంగతి తేలడానికి ఇంకా ఎనభై ఏళ్లు పట్టింది. నార్మన్ రోసెంతాల్ అనే యువవైద్యుడు 1976లో జొహానెస్‌బర్గ్ నుంచి న్యూయార్క్ వచ్చాడు. ఎండల దేశం నుంచి వచ్చిన ఆయనకు శీతాకాలంలో తన చురుకుదనం తగ్గిపోవడం, వసంతంలో తిరిగి రావడం అనుభవంలోకి వచ్చింది. తర్వాత ఆయన చేరిన అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఆల్‌ఫ్రెడ్ లూయీ అనే పరిశోధకుడు ఒక కీలకం కనిపెట్టాడు. రాత్రివేళ మెదడులో ఊరే మెలటోనిన్ అనే హార్మోనును గట్టి వెలుతురు అణచివేస్తుందని, మామూలు ఇంటి దీపం ఆ పని చేయలేదని 1980లో తేల్చాడు. అంతకు ముందు వరకు మనుషుల మీద వెలుతురు ప్రభావం ఇలా ఉండదనుకునేవారు. అదే సమయంలో ఏళ్ల తరబడి తన దిగులు రాకపోకలను నోటుపుస్తకాల్లో రాసుకున్న ఒక ఇంజనీరు ఆ సంస్థ తలుపు తట్టాడు. తెల్లవారకముందు, పొద్దువాలిన తర్వాత అతన్ని గట్టి వెలుతురు ముందు కూర్చోబెట్టి పగటిని పొడిగించి చూశారు. కొద్ది రోజుల్లో తేరుకున్నాడు.

1984లో రోసెంతాల్ బృందం 29 మంది రోగుల వివరాలతో పరిశోధన పత్రం ప్రచురించింది. ఋతువుతో పాటు వచ్చిపోయే కుంగుబాటుకు వైద్యలోకంలో చోటు దొరికింది ఆ పత్రంతోనే. లక్షణాలు కూడా స్పష్టమయ్యాయి. మామూలు కుంగుబాటులో చాలామందికి నిద్ర పట్టదు, ఆకలి చస్తుంది. ఇందులో తరచుగా దానికి తలకిందులు. ఎంత పడుకున్నా లేవబుద్ధి కాదు. అన్నం, రొట్టె, మిఠాయిల మీదికి మనసు పోతుంది, ఒళ్లు వస్తుంది, నలుగురిలోకి వెళ్లాలనిపించదు. ఏటా అదే నెలల్లో మొదలై, ఎండలు ముదిరేసరికి పోతుంది. 2002లో కంటి రెటీనాలో మరో రకం కణాలు బయటపడ్డాయి. చూపుతో నేరుగా సంబంధం లేకుండా వెలుతురు కొలతను మెదడులోని గడియారానికి చేరవేయడం వాటి పని. మనిషి ఎండను చర్మంతోనే కాక కంటితోనూ ఇలా స్వీకరిస్తున్నాడని అర్థమైంది.

ఈలోగా ర్యూకన్ తలరాత మారింది. రెండో ప్రపంచయుద్ధంలో వేమోర్క్‌లో తయారయ్యే భారజలం జర్మన్ల అణు పరిశోధనకు పనికొస్తుందని, 1943 ఫిబ్రవరిలో నార్వే యోధులు ఆ విభాగాన్ని పేల్చివేశారు. ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది ఆ సాహసంతోనే. యుద్ధం తర్వాత కంపెనీ పనులు మెల్లగా వేరే చోట్లకు తరలాయి. 1971లో పాత వేమోర్క్ కేంద్రం మూతపడి తర్వాత మ్యూజియం అయింది. ఉద్యోగాలు పోయాయి, యువత వెళ్లిపోయింది. ఎండ లేని ఊళ్లో ఉండిపోవడానికి గట్టి కారణం కావాల్సి వచ్చింది.

2000ల మొదట్లో మార్టిన్ ఆండెర్సన్ అనే కళాకారుడు అక్కడికి కాపురం వచ్చాడు. శరత్తులో పసిబిడ్డను తోపుడు బండిలో కూర్చోబెట్టుకుని ఎండ ఉన్న చోటికి నడిచేవాడు. రోజు రోజుకీ ఆ చోటు లోయలో ఇంకాస్త దూరం జరిగేది. ఎండ పోతే పోయిందని ఊరుకోకుండా దాన్ని వెనక్కి తేవచ్చు కదా అన్న ఆలోచన అతనికి ఆ నడకల్లోనే పుట్టింది.

అప్పటికే ఇటలీలో ఒక ఊరు ఆ పని చేసి చూపించింది. ఆల్ప్స్ లోయలోని విగనెల్లాలో రెండు వందల మంది కూడా ఉండరు. నవంబరు 11 నుంచి ఫిబ్రవరి 2 దాకా అక్కడ ఎండ పడదు. మేయరు పియర్‌ఫ్రాంకో మిదాలి పూనుకోగా, జకోమో బొంజాని అనే వాస్తుశిల్పి రూపొందించిన 40 చదరపు మీటర్ల అద్దాన్ని ఎదుటి కొండ మీద నిలబెట్టారు. 2006 డిసెంబరులో చర్చి ముందరి చిన్న కూడలిలో శీతాకాలపు ఎండ మొదటిసారి పడింది.

ర్యూకన్ అద్దం అంత సులువుగా రాలేదు. ఖర్చు సుమారు 50 లక్షల క్రోనర్లని తేలింది. ఆదాయం తగ్గిపోయిన పురపాలిక ఇలాంటి దానికి డబ్బు పెట్టడమేమిటని చాలామంది నిలదీశారు. వ్యతిరేకంగా సంతకాలు సేకరించారు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. ఊరి డబ్బు ఎక్కడ పెట్టాలో అడిగే హక్కు ఊరికి ఉంది. చివరికి ఖర్చులో ఎక్కువ భాగాన్ని బయటి దాతలు, సంస్థలు భరించాయి. ఒక్కొక్కటి 17 చదరపు మీటర్ల మూడు అద్దాలను హెలికాప్టర్లతో కొండ మీదికి మోసుకెళ్లి, ఊరికి 450 మీటర్ల ఎత్తున బిగించారు. కంప్యూటరు లెక్క ప్రకారం అవి సూర్యుడి వెంట కాస్త కాస్త తిరుగుతాయి. ఎండ ఎప్పుడూ ఊరి కూడలి మీదే, సుమారు 600 చదరపు మీటర్ల మేర పడుతుంది. 2013 అక్టోబరు 30న ప్రారంభోత్సవం జరిగింది. ఆ రోజు జనం నల్లకళ్లద్దాలు పెట్టుకుని కూడలిలోకి వచ్చారు, ఆరుబయట కుర్చీలు వేసుకుని మొహాలు పైకెత్తి కూర్చున్నారు. గుమస్తా ఉత్తరం రాసి సరిగ్గా వందేళ్లు. రెండేళ్ల తర్వాత, 2015లో, ర్యూకన్, నోటొడెన్ పట్టణాల పారిశ్రామిక వారసత్వాన్ని యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ఈ అద్దాలు వైద్యం కావు. మబ్బు పట్టిన రోజున అవి చేయగలిగింది లేదు, కూడలి దాటితే నీడే. వైద్యులు చెప్పే వెలుగు చికిత్సకు ఒక లెక్క ఉంది. 10,000 లక్స్ వెలుతురునిచ్చే దీపపు పెట్టె ముందు ఉదయం లేవగానే అరగంట కూర్చోవాలి. ఇంట్లో మామూలు దీపాల వెలుగు కొన్ని వందల లక్స్ మాత్రమే. తీక్షణమైన మధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. కూడలికి వచ్చినవాళ్లకు అద్దాలు మరొకటి ఇచ్చాయి. ఇల్లు కదలాలనిపించని నెలల్లో బయటికి రావడానికి కారణం, వచ్చాక పలకరించడానికి మనుషులు.

ఈ రెండో విషయం ఎంత ముఖ్యమో ఉత్తరాన ఇంకా పైకి పోతే తెలుస్తుంది. ధ్రువవృత్తం దాటాక 69 డిగ్రీల దగ్గరున్న ట్రోమ్సో నగరంలో నవంబరు చివరి నుంచి జనవరి మధ్య దాకా సూర్యుడు ఉదయించడు. నిద్ర చెడిందని అక్కడ చాలామంది చెబుతారు. అయినా అంత చీకటికి తగినంతగా కుంగుబాటు అక్కడ కనిపించలేదని పరిశోధకులు గమనించారు. 2014-15లో కారీ లీబోవిట్స్ అనే అమెరికా మనస్తత్వ పరిశోధకురాలు అక్కడ ఉండి అధ్యయనం చేసింది. చలికాలాన్ని ఓర్చుకోవాల్సిన శిక్షగా చూడనివాళ్లు జీవితం పట్ల ఎక్కువ తృప్తితో ఉన్నారని, ఉత్తరాదికి పోయేకొద్దీ ఆ దృష్టి బలపడుతోందని తేల్చింది. అక్కడ చీకటి నెలలంటే మంచు మీద స్కీయింగ్, కొవ్వొత్తుల వెలుగులో విందులు, పండగలు. జనవరిలో సూర్యుడు తిరిగొచ్చిన రోజున బేకరీల్లో జామ్ నింపిన ప్రత్యేకమైన బన్నులు చేస్తారు, అందరూ కొనుక్కుని తింటారు.

ఆలోచనా ధోరణిని సరిదిద్దే మానసిక చికిత్సను, దీపపు పెట్టెను కెల్లీ రోహన్ బృందం అమెరికాలోని వెర్మాంట్‌లో చలికాలపు కుంగుబాటు ఉన్న 177 మంది మీద పోల్చి చూసింది. ఆరు వారాల్లో రెండూ సమానంగా పనిచేశాయి. రెండో శీతాకాలానికి మాత్రం జబ్బు తిరగబెట్టినవాళ్లు దీపం వాడిన బృందంలో 46 శాతం దాకా ఉన్నారు, మానసిక చికిత్స పొందినవాళ్లలో 27 శాతం. దీపం వెలిగించడం ఏటా గుర్తుపెట్టుకుని చేయాల్సిన పని. నేర్చుకున్న అలవాటు మనిషితోనే ఉండిపోతుంది.

ఈ చరిత్ర ఇవాళ తెలుగు కుటుంబాలకూ దగ్గరి విషయమే. గుంటూరు, కరీంనగర్, నెల్లూరుల నుంచి చదువుకో ఉద్యోగానికో స్టాక్‌హోమ్, లండన్, టొరంటో, సియాటిల్ చేరిన పిల్లలు డిసెంబరులో చీకట్లో ఇంట్లోంచి బయల్దేరి చీకట్లోనే ఇంటికి చేరతారు. మే నెల ఎండకు భయపడి చెట్టునీడ వెతుక్కుంటూ పెరిగిన పిల్లలకు ఎండ తక్కువై జబ్బు చేస్తుందంటే నమ్మబుద్ధి కాదు. అన్ని వేళలా నిద్ర వస్తోందంటే ఫోనులో అమ్మకు బద్ధకంలా వినిపిస్తుంది, పిల్లలకూ తమ మీద తమకే అసహ్యం వేస్తుంది. ఏటా నవంబరులో మొదలై ఏప్రిల్‌లో తగ్గే నీరసాన్ని, దిగులును డాక్టరుకు చెప్పుకోవాలి. దీపపు పెట్టె సొంతంగా కొనుక్కునేముందు కూడా అడగాలి. కంటి జబ్బు ఉన్నవాళ్లు, మనసు ఒకసారి ఉద్రేకంతో పొంగి మరోసారి కుంగిపోయే బైపోలార్ సమస్య ఉన్నవాళ్లు వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలి. చావు ఆలోచన వస్తే వసంతం దాకా ఆగకుండా ఆ రోజే సాయం అడగాలి.

స్వీడన్‌లోని ఉమెయో నగరంలో 2012లో విద్యుత్ సంస్థ 30 బస్‌స్టాపుల్లో చికిత్సకు వాడే రకం దీపాలు అమర్చి, ప్రయాణికులు బస్సు కోసం నిలబడ్డ కాసేపైనా వెలుతురు అందేలా చేసింది. ర్యూకన్ వాళ్ల ఆలోచనకు అది కొనసాగింపే. ఉత్తరాది నగరాల్లోని తెలుగు సంఘాలకు అద్దాలు, యంత్రాలు అక్కర్లేదు. దీపావళి వేడుక అయిపోయాక సంక్రాంతి ముగ్గుల దాకా వాళ్ల హాళ్లు మామూలుగా ఖాళీగా ఉంటాయి. సరిగ్గా అవే ఆ ఏటి అతి చీకటి వారాలు. ఆ వారాల్లో ప్రతి శనివారం మధ్యాహ్నం, ఎండ ఉన్నా మబ్బు పట్టినా, ఊళ్లోని తెలుగువాళ్లంతా కలిసి గంటసేపు పార్కులో నడవవచ్చు. కొత్తగా వచ్చి గదిలో ఒంటరిగా ఉంటున్న విద్యార్థులకు ముందురోజే ఫోను చేసి, వాళ్లను వెంటపెట్టుకుని వెళ్లవచ్చు. మబ్బు కమ్మిన రోజున కూడా ఆరుబయటి వెలుగు గదిలోని దీపం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ.